ఏడుగురు అక్కచెల్లెళ్ళు, ఒక మావయ్యగారు

పదండి నడుద్దాం!

"పిల్లలతో, ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్ళతో కలిసి ఒక్కరోజులో వెళ్ళి రాదగ్గ సముద్రతీరపు నడక ఏదైనా రాయండి" అని చాలామంది అడుగుతున్నారు. లండన్ చుట్టుపక్కల ఉన్నవాళ్ళకి నేను చెప్పే మొదటి పేరు సెవెన్ సిస్టర్స్. అయితే దాని గురించి రాయాలంటే 2023 అక్టోబరులో నేను చేసిన ఒక తెలివితక్కువ పని గురించి కూడా రాయాలి. పరువు తక్కువ విషయమే. కానీ నేను పడ్డ గోతిలో మీరు పడకుండా ఉంటే అదే పదివేలు.

ఎవరీ ఏడుగురు?

సస్సెక్స్ తీరంలో సీఫర్డ్, ఈస్ట్‌బోర్న్ ఊళ్ళ మధ్య తెల్లటి సుద్దకొండలు సముద్రం దగ్గర కత్తితో కోసినట్టు నిట్టనిలువుగా తెగి ఉంటాయి. దూరం నుంచి చూస్తే వరసగా ఏడు శిఖరాలు, మధ్యమధ్యలో పల్లాలు. అందుకే సెవెన్ సిస్టర్స్ అన్నారు. వీటిలో అందరికంటే పొడుగు పెద్దక్క హేవెన్ బ్రౌ, 77 మీటర్లు. అక్కడి నుంచి బర్లింగ్ గ్యాప్ వైపు నడిస్తే చివరి చెల్లెలు వెంట్ హిల్. 2010లో ఏర్పడిన సౌత్ డౌన్స్ నేషనల్ పార్కులో ఇదంతా భాగం. వించెస్టర్ నుంచి ఈస్ట్‌బోర్న్ దాకా 100 మైళ్ళు సాగే సౌత్ డౌన్స్ వే అనే కాలిబాట చివరి అంకం ఈ అక్కచెల్లెళ్ళ తలల మీదుగానే వెళ్తుంది.

సుమారు ఎనిమిది, తొమ్మిది కోట్ల ఏళ్ళ కింద ఈ ప్రాంతమంతా సముద్రం అడుగున ఉండేది. కంటికి ఆనని నాచుజాతి జీవుల సున్నపు పెంకులు కోట్ల కొద్దీ అడుగుకి చేరి, పేరుకుని, గట్టిపడి ఈ సుద్ద అయింది. పిల్లలకి ఈ సంగతి చెప్పి ఒక ముక్క చేతిలో పెట్టండి. రాయి మీద పేరు రాసుకుని మురిసిపోతారు.

ప్లాను వేసిన రాత్రి

ఆ ఏడాది మా అత్తయ్యగారు, మావయ్యగారు ఆరు నెలలు ఉండటానికి భీమిలి నుంచి వచ్చారు. మావయ్యగారు 38 ఏళ్ళు హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. అప్పటికి ఆయనకి 68. "సుద్దముక్కతో బతికినవాణ్ణి, సుద్దకొండ చూడకుండా ఎలా వెళ్తాను?" అని ఆయనే సరదా పడ్డారు.

ఒక శుక్రవారం రాత్రి భోజనాలయ్యాక నేను ఫోనులో దారి చూపించాను. సీఫర్డ్‌లో ట్రైను దిగుతాం, తీరం వెంబడే నడిచి ఈస్ట్‌బోర్న్ చేరతాం, అక్కడ ట్రైను ఎక్కుతాం. 22 కిలోమీటర్లు. నేను కిందటేడాది ఆఫీసు స్నేహితులతో ఛారిటీ నడక ఒకటి చేసి ఉన్నాను కాబట్టి నా కంటికి అది పెద్ద లెక్కలా కనిపించలేదు.

మావయ్యగారు కళ్ళజోడు సవరించుకుని ఫోనులోకి చూశారు. "బాగుంది అల్లుడుగారూ. మధ్యలో ఎవరికైనా కాలు నొప్పెడితే బయటికి వచ్చే దారి ఎక్కడుంది?" అని అడిగారు.

"మీకెందుకు మావయ్యగారూ, మీరు రోజూ బీచిలో నడిచేవాళ్ళే కదా!" అని నవ్వేశాను. ఆయన ఇంకేమీ అనలేదు. అత్తయ్యగారు మాత్రం, "నేను రాను బాబూ. మీరు వెళ్ళి రండి, వచ్చేసరికి మిరియాల చారు పెట్టి ఉంచుతాను" అన్నారు. ఇంట్లో అందరికంటే తెలివైనవారు ఎవరో నాకు అప్పుడే తెలియాల్సింది.

నది ఒకటి ఉంది, చూసుకోలేదు

మర్నాడు పొద్దున్న విక్టోరియా స్టేషన్లో ఎక్కి, లూయిస్‌లో మారి సీఫర్డ్ చేరేసరికి పదకొండున్నర. మేము ఐదుగురం: నేను, మా ఆవిడ, పదమూడేళ్ళ అమ్మాయి, ఎనిమిదేళ్ళ అబ్బాయి, మావయ్యగారు. అమ్మాయికి ఈ నడకలంటే గిట్టదు. హారీ పాటర్ నాలుగో సినిమాలో కొంత భాగం ఈ చుట్టుపక్కలే తీశారని చెప్పి లాక్కొచ్చాను.

సీఫర్డ్ హెడ్ ఎక్కి అవతలికి దిగుతుంటే ఏడుగురూ ఒకేసారి కనిపిస్తారు. కింద కోస్ట్‌గార్డు కుటీరాలు, వాటి వెనక తెల్లటి గోడలా అక్కచెల్లెళ్ళు, పక్కన నీలం నీళ్ళు. క్యాలెండర్ల మీద మనం చూసే బొమ్మ అదే. మా అమ్మాయి కూడా చెవుల్లోంచి ఇయర్‌ఫోన్లు తీసేసింది.

మావయ్యగారు చాలాసేపు చూసి, "మన ఊళ్ళో గ్రామదేవతలు ఏడుగురు అక్కచెల్లెళ్ళు, వాళ్ళకి తమ్ముడు పోతురాజు. మరి వీళ్ళ పోతురాజు ఎక్కడరా?" అని మనవణ్ణి అడిగారు. వాడు దూరంగా, అవతలి కొండ మీద కనిపిస్తున్న బెల్ టూట్ లైట్‌హౌసుని చూపించి, "అదిగో తాతయ్యా, కాపలా కాస్తున్నాడు!" అన్నాడు.

అంతా బాగానే ఉంది. పెద్దక్క ఎదురుగానే ఉంది, చెయ్యి చాస్తే అందేలా. కాకపోతే మధ్యలో కక్‌మియర్ నది సముద్రంలో కలుస్తోంది. అక్కడ వంతెన లేదు. నది దాటాలంటే ఒడ్డు వెంబడే లోపలికి సుమారు రెండు కిలోమీటర్లు నడిచి ఎక్సీట్ దగ్గర వంతెన ఎక్కాలి, అవతలి ఒడ్డున మళ్ళీ అంత దూరం వెనక్కి రావాలి. ఫోనులో సన్నటి నీలం గీతని నేను పట్టించుకోలేదు. నీళ్ళు తగ్గినప్పుడు నడిచి దాటేవాళ్ళు ఉంటారని విని ఆశపడకండి. ప్రవాహం ఎలా ఉంటుందో తెలియని చోట పిల్లలతో ఆ పని వద్దే వద్దు.

ఎక్సీట్ చేరి పులిహోర, పెరుగన్నం తినేసరికి రెండు దాటింది. అక్కడే 12 నంబరు బస్సు ఆగుతుంది. ఎక్కేసి ఉంటే ఈ కథే లేదు. "అసలు నడక ఇప్పుడే మొదలు!" అన్నాను, పెద్ద నాయకుడిలా.

నాలుగో చెల్లెలి దగ్గర

సెవెన్ సిస్టర్స్‌లో కష్టం దూరం కాదు, ఎక్కుడూ దిగుడూ. ఒకటి ఎక్కగానే దిగాలి, దిగగానే మళ్ళీ ఎక్కాలి. ముందు రోజు వాన పడింది. తడిసిన సుద్ద సబ్బులా జారుతుంది. మావయ్యగారి కాళ్ళకి ఉన్నవి భీమిలి బీచిలో వేసుకునే గుడ్డబూట్లు.

ఇక్కడే ఇంకో సంగతి. మూడో గుట్ట మీద మా అబ్బాయి ఫోటో కోసం అంచు వైపు పరుగెత్తాడు. నేను అరిచిన అరుపుకి గొర్రెలు కూడా బెదిరాయి. అంచు దగ్గర పచ్చిక గట్టి నేలలాగే కనిపిస్తుంది. కానీ అడుగున సుద్ద రాలిపోయి, పై పొర ఒక్కటే గాలిలో వేలాడుతూ ఉండొచ్చు. దాని మీద నిలబడ్డవాడికి ఆ సంగతి తెలియదు. ఈ తీరం సగటున ఏడాదికి 30, 40 సెంటీమీటర్లు వెనక్కి జరుగుతోంది. అయితే అది రోజుకి ఇంత అని లెక్కగా జరగదు. ఏళ్ళ తరబడి ఊరుకుని, ఒక్క క్షణంలో లారీల కొద్దీ మట్టి కూలుతుంది. 2017లో దక్షిణ కొరియా నుంచి వచ్చిన ఒక విద్యార్థిని ఇక్కడే అంచున ఎగిరి ఫోటో దిగబోయి ప్రాణాలు పోగొట్టుకుంది. పిల్లలూ, మీరు ఇది చదువుతుంటే ఒక్క మాట గుర్తుంచుకోండి. అక్కచెల్లెళ్ళ ఫోటో బాగా వచ్చేది వాళ్ళ తల మీద నిలబడి కాదు, దూరంగా సీఫర్డ్ వైపు నుంచి.

సరే, నాలుగో చెల్లెలు దిగుతున్నాం. వెనక్కి తిరిగి చూస్తే మావయ్యగారు పక్కకి తిరిగి, ఒక్కో అడుగూ ఆచితూచి వేస్తున్నారు. దగ్గరికి వెళ్తే మొహం నిండా చెమట. అక్టోబరు గాలికి మేమంతా వణుకుతుంటే ఆయనకి చెమట!

"ఎప్పటినుంచి నొప్పి మావయ్యగారూ?"

"రెండోది దిగినప్పటినుంచి. ఎక్కడానికి ఇబ్బంది లేదు, దిగితేనే మోకాలు నిలబడటం లేదు."

"మరి చెప్పరేం?"

"పిల్లలు సంతోషంగా ఉన్నారు కదా అల్లుడుగారూ."

నాలుగుంపావు అయింది. సూర్యాస్తమయం ఆరు దాటగానే. ముందు మూడు గుట్టలు, వెనక నాలుగు. ఆ పల్లంలో నా ఫోనుకి సిగ్నల్ లేదు. మా ఆవిడ నా వైపు చూసిన చూపు గురించి ఇక్కడ రాయను, ఇది కుటుంబ పత్రిక.

అప్పుడు కుక్కతో నడుస్తున్న ఒక పెద్దావిడ మా దగ్గర ఆగింది. సంగతి విని, సంచిలోంచి కాగితం మ్యాప్ తీసి గడ్డి మీద పరిచింది. మేము నిలబడ్డ పల్లం పేరు గ్యాప్ బాటమ్. అక్కడి నుంచి సముద్రానికి వీపు పెట్టి లోపలికి నడిస్తే క్రౌలింక్ అనే నాలుగిళ్ళ పల్లె, అది దాటి పైకి వెళ్తే ఫ్రిస్టన్ చర్చి, చెరువు, దాని పక్కనే మెయిన్ రోడ్డు, అదే 12 నంబరు బస్సు. మొత్తం రెండు కిలోమీటర్లు. దారంతా ఎక్కుడే, దిగుడు లేదు. ఆవిడ తన చేతికర్ర మావయ్యగారికి ఇచ్చి, చెరువు దాకా మాతో నడిచి, అక్కడ కర్ర తీసుకుని వెళ్ళిపోయింది. పేరు కూడా అడగలేదు మేము.

ఆ రాత్రి మిరియాల చారు తాగుతూ మావయ్యగారు నవ్వుతూనే అన్నారు: "నేను అడిగింది ఆ దారే అల్లుడుగారూ."

మాస్టారి లెక్క

వారం తిరక్కుండా నేను ఆర్డినెన్స్ సర్వే వాళ్ళ ఓఎల్ 25 మ్యాప్ కొన్నాను. మావయ్యగారు దాన్ని డైనింగ్ టేబుల్ మీద పరిచి, అత్తయ్యగారి కుట్టుపెట్టెలోంచి దారం తీసి, వంకర దారి మీద వంకరగా పరిచి, దారాన్ని స్కేలుతో కొలిచారు. ఆ మ్యాప్‌లో నాలుగు సెంటీమీటర్లంటే ఒక కిలోమీటరు. తరవాత గోధుమరంగు గీతలు లెక్కపెట్టి, మనవరాలి గళ్ళ నోటుబుక్కులో ఏడు గుట్టలనీ గీశారు. రంపం పళ్ళలా వచ్చింది. "ఈ బొమ్మ ముందు చూసి ఉంటే ఎవరూ 22 కిలోమీటర్లు అనరు" అంది మా అమ్మాయి, నా వైపు చూడకుండా.

నడకకి ఎంతసేపు పడుతుందో చెప్పే పాత సూత్రం ఒకటుంది. 1892లో విలియం నైస్మిత్ అనే స్కాట్లండ్ పర్వతారోహకుడు చెప్పినది. ప్రతి ఐదు కిలోమీటర్లకి ఒక గంట, ఎక్కే ప్రతి 600 మీటర్లకి మరో గంట కలుపుకోవాలి. నా ప్లానుకి ఇది వేస్తే, 22 కిలోమీటర్లకి నాలుగు గంటల ఇరవై నాలుగు నిమిషాలు, ఎక్కుళ్ళన్నీ కలిపి సుమారు 600 మీటర్లకి ఇంకో గంట. అంటే ఆగకుండా, తినకుండా, దృఢంగా ఉన్న మనిషికి దాదాపు ఐదున్నర గంటలు. పిల్లలు, పెద్దవాళ్ళు ఉంటే దాన్ని రెట్టింపు చేసుకోమంటాను నేను. పదకొండున్నరకి బయల్దేరి ఆ లెక్కన ఎప్పుడు చేరేవాళ్ళమో మీరే చూడండి.

మిగిలిన ముగ్గురు

2024 మార్చిలో, తిరుగు ప్రయాణానికి వారం ముందు, మావయ్యగారు తనే అన్నారు: "మిగిలిన ముగ్గుర్నీ చూసి వెళ్తాను." ఈసారి ప్లాను ఆయనదే, నేను సంచి మోశాను. మీకు నేను సిఫారసు చేసే నడక కూడా ఇదే.

ఈస్ట్‌బోర్న్‌లో ట్రైను దిగి 12 నంబరు బస్సెక్కి ఫ్రిస్టన్ చెరువు దగ్గర దిగాం. క్రౌలింక్ మీదుగా గ్యాప్ బాటమ్‌కి మెల్లగా దిగాం. అక్కడి నుంచి ఎడమకి తిరిగి ఫ్లాగ్‌స్టాఫ్ పాయింట్, బెయిలీస్ హిల్, వెంట్ హిల్. మధ్యలో ఫ్లాట్ హిల్ అని ఇంకో చిన్న గుట్ట వస్తుంది. దాన్ని ఏడుగురిలో లెక్కవెయ్యరు. "పాపం, ఎనిమిదోది. ఇంటికొచ్చిన చుట్టం అనుకుందాం" అన్నారు మావయ్యగారు. వెంట్ హిల్ దిగితే బర్లింగ్ గ్యాప్. అక్కడ నేషనల్ ట్రస్ట్ వాళ్ళ కాఫీ హోటలు, టాయిలెట్లు ఉన్నాయి. అక్కడి నుంచి లోపలికి ఈస్ట్ డీన్ ఊరి దాకా నడిస్తే మళ్ళీ అదే బస్సు. దారం లెక్క 27 సెంటీమీటర్లు, అంటే ఆరుముప్పాతిక కిలోమీటర్లు. భోజనంతో కలిపి మాకు నాలుగు గంటలు పట్టింది. మావయ్యగారికి ఈసారి మంచి బూట్లు, రెండు చేతికర్రలు. దిగుడు వచ్చిన ప్రతిసారీ మా అబ్బాయి ముందు నడుస్తూ జారని చోటు చూపించాడు.

బర్లింగ్ గ్యాప్‌లో అంచుకి దగ్గరగా ఉన్న పాత ఇళ్ళు ఒక్కొక్కటీ కూల్చేయాల్సి వచ్చింది. సముద్రం అంతవరకూ వచ్చేసింది. అవతలి కొండ మీద మా పోతురాజుదీ అదే కథ. 1832లో కట్టిన ఆ బెల్ టూట్ లైట్‌హౌసు కింద నేల కరిగిపోతుంటే, 1999లో సుమారు 850 టన్నుల కట్టడాన్ని అలాగే పైకెత్తి, 17 మీటర్లు వెనక్కి జరిపారు. ఆ సంగతి చెబితే మావయ్యగారు చాలాసేపు అటే చూశారు. "మా ఎర్రమట్టి దిబ్బలూ అంతే, ప్రతి వానకీ కొంచెం కరుగుతాయి. వెనక్కి జరగాల్సిన టైము ముందే చూసుకున్నవాడు నిలబడ్డాడు" అన్నారు.

వెళ్ళేముందు మా ఇంటి లెక్క

1. ముందు బయటపడే దారులు చూడండి, తరవాతే అసలు దారి. మ్యాప్ మీద రోడ్డుకి వెళ్ళే ప్రతి కాలిబాటనీ పెన్సిలుతో గుర్తుపెట్టండి. ఆ దారి ఏదీ లేని చోటికి పెద్దవాళ్ళతో వెళ్ళకండి.

2. అందరికంటే మెల్లగా నడిచేవారి వేగమే మీ వేగం. వాళ్ళని ముందు నడవనివ్వండి.

3. మన పెద్దవాళ్ళు నొప్పి ఉన్నా చెప్పరు. "బాగున్నారా?" అంటే "బాగున్నాను" అనే అంటారు. అరగంటకోసారి ఆగి, "మోకాలు ఎలా ఉంది? మందు వేసుకున్నారా? వెనక్కి వెళ్దామా?" అని విడివిడిగా అడగండి.

4. వెనక్కి తిరిగే టైము ఇంట్లోనే నిర్ణయించుకోండి. ఆ టైముకి ఎక్కడున్నా సరే, దగ్గర్లో ఉన్న దారిన బయటికి వచ్చేయాలి.

5. అంచుకి పది పెద్ద అడుగుల దూరం. కొండ కింద బీచిలో నడవాలంటే ఆటుపోట్ల వేళలు చూసుకోండి. పోటు వస్తే కొండకీ నీళ్ళకీ మధ్య ఇరుక్కుపోతారు. కొండ మొదట్లో కూర్చోకూడదు, పైనుంచి రాళ్ళు రాలతాయి. ఆపద వస్తే 999కి ఫోను చేసి కోస్ట్‌గార్డుని అడగండి.

6. పట్టు ఉన్న బూట్లు, వానకోటు, మనిషికి ఒక లీటరు నీళ్ళు, నిండుగా ఛార్జి చేసిన ఫోను, కాగితం మ్యాప్. ట్రైన్లు, బస్సుల వేళలు, బర్లింగ్ గ్యాప్‌లో బీచికి దిగే మెట్లు తెరిచి ఉన్నాయో లేదో ముందు రోజే చూసుకోండి. ఆ మెట్లు అప్పుడప్పుడు మూసేస్తుంటారు.

7. పులిహోర పొట్లాల కాగితాలు ఇంటికే తెచ్చుకోండి. గొర్రెల గేట్లు ఎలా ఉన్నాయో అలాగే వదలండి.

మావయ్యగారు ఇప్పుడు భీమిలిలో ఉన్నారు. అక్కడ వాళ్ళ అద్దాల బీరువాలో, పాత స్కూలు షీల్డుల పక్కన, బర్లింగ్ గ్యాప్ బీచిలో మనవడు ఏరిచ్చిన సుద్దముక్క ఉంది. మేము ఎక్కడికి బయల్దేరినా ముందు రోజు ఆయనకి ఫోను చేస్తాం. ఎంత దూరం, ఎంత ఖర్చు అని అడగరు. ఒక్కటే అడుగుతారు: "బయటికి వచ్చే దారి చూశారా అల్లుడుగారూ?"

చూశాను మావయ్యగారూ. ఇప్పుడు ముందు అదే చూస్తున్నాను.

వచ్చే సంచికలో మరో దారిలో కలుద్దాం. అందాకా, పదండి నడుద్దాం!